వేరేటోళ్ల సెట్టింగులు పక్కకు పెట్టు చెల్లె, నీ పనికి నువ్వే రాసుకో

హన్మకొండ నుంచి ఒక చెల్లె రాసింది. ఉత్తరం పెద్దగుంది, కుదించి పెడుతున్న:

"అన్నా, నేను కేయూల ఎం.ఏ తెలుగు చేసిన. ఇప్పుడు ఒక ప్రెస్సుకు టైపింగు, ప్రూఫు పని చేస్తాన. మా పెద్దమ్మ కొడుకు బీటెక్, వాడు నా ల్యాప్‌టాప్‌ల టైపు చేసి దిద్దుకునే ఈమాక్స్ అనే ఎడిటర్ ఎక్కించి, నెట్టుల ఎవరో పెట్టిన పెద్ద సెట్టింగు ఫైలు తెచ్చి దాంట్ల వేసి, 'అక్కా ఇది నేర్చుకుంటె నీ పని సగం తగ్గుతది' అని చెప్పి బెంగళూరు పోయిండు. మొదట్ల మంచిగనే ఉండె. మొన్న అప్‌డేట్ అయినకాడి నుంచి తెరవంగనే ఏవేవో వార్నింగులు వస్తానయ్, సగం షార్ట్‌కట్లు పని చేస్తలేవు. వానికి ఫోన్ చేస్తె 'లిస్ప్ నేర్చుకో' అంటాండు, అది ఈమాక్స్‌ల వాడే ప్రోగ్రామింగు భాషనట. నాకు ప్రోగ్రామింగు అంటెనే భయం, లెక్కల్ల ఎప్పుడూ అత్తెసరు మార్కులే. రోజూ నాకు తలనొప్పి తెచ్చే పని ఏందంటే, పాత రాతప్రతులల్ల ౧, ౨, ౩ అని ఉన్న తెలుగు అంకెలను 1, 2, 3 చెయ్యాలె, కామాకు ముందు పడ్డ స్పేసులు తియ్యాలె. నా అసోంటిది ఇది నేర్చుకోగలదా, లేకపోతే ఇంకో ఎడిటర్ వీఎస్ కోడ్‌కు పోవాల్నా? ఒకవేళ నేర్చుకుంటె, ప్రెస్సుల నాతోని చేసే అక్కకు కూడ ఇయ్యొచ్చా?"

చెల్లె, నేర్చుకోగలవ్. ఊకె ధైర్యం చెప్పనీకి అంటలేను, దీనికి పాత లెక్క ఒకటున్నది. ఈమాక్స్ అనేది 1976ల అమెరికాల ఎంఐటీ ఏఐ ల్యాబ్‌ల పుట్టింది, అప్పట్ల టీకో అని ఇంకో ఎడిటర్ ఉండె, దాని మీద రాసుకున్న మాక్రోల (ఒక్కసారి రాసిపెట్టుకోని మళ్లమళ్ల నడిపించే కమాండ్ల) మూట అది. తర్వాత 1978ల బెర్నార్డ్ గ్రీన్‌బర్గ్ అనే ఆయన మల్టిక్స్ అనే కంప్యూటర్ సిస్టం కోసం ఈమాక్స్‌ను లిస్ప్ భాషల మళ్ల రాసిండు. ఆయన ఆఫీసుల సెక్రెటరీలు, అంటే లెటర్లు టైపు చేసేటోళ్లు, దాన్ని వాడుకుంట వాడుకుంట సొంతంగ కమాండ్లు రాసుకునుడు మొదలుపెట్టిండ్రట. వాళ్లకు ఇచ్చిన మాన్యువల్ల ఎక్కడ కూడ 'ఇది ప్రోగ్రామింగు' అని రాసిలేదు, అందుకే వాళ్లు భయపడలేదు అని రిచర్డ్ స్టాల్‌మన్ ఒక ప్రసంగంల చెప్పిండు. ఇప్పుడు నువ్వు వాడే జీఎన్‌యూ ఈమాక్స్‌ను 1984ల రాయనీకి మొదలుపెట్టి 1985ల బయటికిచ్చింది ఆ స్టాల్‌మనే. ఆ సెక్రెటరీలు చేసిన పనికి నువ్వు చేసే పనికి ఏం తేడా ఉన్నది చెప్పు, వాళ్లు టైపు చేసేటోళ్లే, నువ్వూ టైపు చేసేదానివే. నీ తమ్ముడు 'లిస్ప్ నేర్చుకో' అన్న మాట తప్పు కాదు గని చెప్పిన వరుస తప్పు, ముందుగల భాష మొత్తం నేర్చుకోని తర్వాత పని చేద్దాం అనుకుంటె ఎవ్వరూ దరి చేరరు, పనిని పట్టుకోని దానికి కావాల్సినంత భాషే తీసుకోవాలె.

ముందుగల ఆ రెడీమేడ్ సెట్టింగు సంగతి. అది వేరేటోళ్ల కొలతకు కుట్టిన జాకెట్ అసోంటిది, ఎక్కడ బిగుసుకుంటాందో తెలుస్తది గని ఎక్కడ విప్పాల్నో తెల్వదు. అది రాసినాయన ఏ పైథానో జావాస్క్రిప్టో రాసుకునేటోడు అయి ఉంటడు, ఆయనకు కావాల్సిన ప్యాకేజీలు, అంటే ఈమాక్స్‌కు తగిలించుకునే అదనపు ముక్కలు, డజన్ల కొద్ది దాంట్ల ఉంటయ్, ఒక్కొక్క ప్యాకేజీ ఇంకో నాలుగింటి మీద ఆధారపడి ఉంటది, ఒకటి అప్‌డేట్ అయి లోపలి ఫంక్షన్ (ఒక పని చేసే కోడు ముక్క) పేరు మారిస్తె తతిమ్మవి ఆగమాగం అయితయ్. నీకు వచ్చిన వార్నింగులు చాలామట్టుకు గివే అయి ఉంటయ్. ఇంకో మాట, ఇది చాలామంది చెప్పరు: ఈమాక్స్‌ల లిస్ప్ కోడుకు అడ్డు ఆపు ఏం ఉండదు, నీ ఫైళ్లు చదవొచ్చు, మార్చొచ్చు, తుడిచేయొచ్చు కూడ. అందుకే చదవకుండ ఎవరి కోడూ పేస్టు చెయ్యకు, నాది కూడ.

అయితే దాన్ని డిలీట్ చెయ్యకు. డాట్ ఈమాక్స్ డాట్ డి అని ఒక ఫోల్డర్ ఉంటది, దాని పేరు మార్చి పక్కకు పెట్టు, విండోస్ అయితే అది మామూలుగ యాప్‌డేటాల రోమింగ్ అనే ఫోల్డర్‌ల దొరుకుతది. ఎక్కడున్నదో తెలుస్తలేకపోతే ఈమాక్స్‌నే అడుగు: కంట్రోల్ హెచ్, తర్వాత వి కొట్టి యూజర్-ఇనిట్-ఫైల్ అని రాయి, ఏ ఫైలు చదివిందో దారి మొత్తం చూపిస్తది. ఇక్కడ ఒక తిరకాసు ఉన్నది, హోం ఫోల్డర్‌ల డాట్ ఈమాక్స్ అని ఒట్టి ఫైలు ఒకటి ఉంటె ఈమాక్స్ దాన్నే చదువుతది, ఫోల్డర్‌ల ఉన్న ఇనిట్ ఫైలును, అంటే తెరిచేటప్పుడు చదివే సెట్టింగు ఫైలును, చూడనే చూడదు, చాలామంది 'నేను రాసింది పని చేస్తలేదు' అని మొత్తుకునేది దీనికే. తప్పు నీ సెట్టింగుల ఉన్నదా, ఈమాక్స్‌ల ఉన్నదా తెలుసుకోవాల్నంటే టెర్మినల్‌ల, అంటే కమాండ్లు కొట్టే కిటికీల, ఈమాక్స్ అని రాసి స్పేసు, మైనస్, పెద్ద క్యూ పెట్టి నడిపించు, అప్పుడు ఏ సెట్టింగు లేకుండ ఖాళీగ తెరుచుకుంటది.

ఇగ ఖాళీ ఈమాక్స్ ముందు కూసున్నవ్ అనుకో. బోసిగ కనపడతది, పర్వాలేదు. ఇప్పుడు కంట్రోల్ హెచ్, తర్వాత కె కొట్టి, ఆ తర్వాత ఏదన్న ఒక అక్షరం, ఇంగ్లీషు 'ఎ' అనుకో, కొట్టు. ఆ కీ నొక్కితె సెల్ఫ్-ఇన్సర్ట్-కమాండ్ అనే ఫంక్షన్ నడుస్తది అని చెప్తది. చూసినవా, ఒట్టి అక్షరం కొట్టినా వెనుక ఒక ఫంక్షనే నడుస్తాంది. బాణం కీ అయినా, సేవ్ అయినా, ఏదయినా అంతే. ఈమాక్స్ లోపలి గుండె భాగం సి భాషల రాసింది, దాని మీద ఉన్నదాంట్ల చాలా ఎక్కువ భాగం ఈమాక్స్ లిస్ప్‌ల రాసింది, ఆ లిస్ప్ భాగాన్ని నడుస్తుండంగనే మార్చొచ్చు, మూసి తెరిచే పని లేదు. నువ్వు రాసే కమాండుకు, దాంతోని వచ్చిన కమాండుకు ఎడిటర్ దృష్టిల తేడా లేదు. నాకు ఈ ఎడిటర్ నచ్చింది ఈ ఒక్క ముచ్చటకే, తతిమ్మ గొప్పలన్నీ నాకు అంత ముఖ్యం కాదు.

లిస్ప్ కన్న ముందు ఒక మెట్టు ఉన్నది, మాక్రో. ఎఫ్3 నొక్కు, నీ పని ఒక్కసారి చేతితోని చెయ్యి, ఎఫ్4 నొక్కు. మళ్ల ఎఫ్4 నొక్కినప్పుడల్లా అదే పని చేస్తది. కంట్రోల్ యు, సున్నా, ఎఫ్4 కొడితె ఇగ దొరకనంత వరకు చేసుకుంట పోతది. ఒకే తీరుగ ఉన్న జాబితాలకు, పెండ్లికార్డుల పేర్లకు, సభ్యుల లిస్టులకు ఇది చాలు, నిజం చెప్తాన, దీనికి మించి ఏం నేర్చుకోకపోయినా నీకు మస్తు టైం మిగులుతది. గని మాక్రోకు తెలివి ఉండదు, వరుస కొంచెం తేడా పడితె తప్పు కూడ అంతే శ్రద్ధగ చేసుకుంట పోతది.

ఇప్పుడు నీ అంకెల పని. దీనికి లిస్ప్ రాద్దాం. స్క్రాచ్ అని ఒక బఫర్, అంటే ఈమాక్స్‌ల రాసుకునే పేజీ, తెరుచుకోని ఉంటది, అది ఇందుకే పెట్టిండ్రు. నేను ఇక్కడ తెలుగు లిపిల చెప్తున్న, నువ్వు కమాండు పేర్లను ఇంగ్లీషు అక్షరాలల్ల కొట్టాలె.

బ్రాకెట్ తెరిచి డీఫన్ అని రాయి, తర్వాత నీ కమాండుకు ఒక పేరు, అంకెలు-మార్చు అనుకో, తర్వాత ఖాళీ బ్రాకెట్ల జత. ఇక్కడ ఒక ముచ్చట, ఈమాక్స్ లిస్ప్‌ల పేరు తెలుగు లిపిల పెట్టినా నడుస్తది, నిజంగనే నడుస్తది. సరదాగ ఉంటది గని పిలిచేటప్పుడు కీబోర్డు మార్చుకోవాల్సి వస్తది, కాబట్టి పేరు ఇంగ్లీషు అక్షరాలల్లనే పెట్టుకో. కింద వరుసల బ్రాకెట్‌ల ఇంటరాక్టివ్ అని రాయి. ఇది లేకపోతే అది ఫంక్షన్ అయితది గని కమాండు కాదు, ఆల్ట్ ఎక్స్ కొట్టి పిలిస్తె పలుకదు. దాని కింద సేవ్-ఎక్స్‌కర్షన్, అంటే నువ్వు పని మధ్యల ఎక్కడున్నవో అది గుర్తు పెట్టుకోని, పని అయినంక కర్సర్‌ను మళ్ల ఆడికే తెస్తది. దాని లోపల గోటు-క్యార్ పాయింట్-మిన్, అంటే ఫైలు మొదటికి పోవుడు. ఇగ అసలు పని: వైల్ అని లూపు, దాని షరతు రీ-సెర్చ్-ఫార్వర్డ్, వెతికే నమూనా కోట్ల మధ్యల [౦-౯] అని. తెలుగు అంకెలే రాయి, ఈమాక్స్ తీసుకుంటది. నమూనా తర్వాత నిల్, టి అని రెండు పెట్టాలె. నిల్ అంటే ఎక్కడిదాక వెతకాల్నో హద్దు లేదని, టి అంటే ఇగ దొరకకపోతే లొల్లి చెయ్యకుండ ఆగమని. ఆ టి మర్చిపోతే ఆఖరి అంకె మారినంక 'సెర్చ్ ఫెయిల్డ్' అని ఎర్రర్ వస్తది, పని అయితది గని నువ్వు పరేషాన్ అయితవ్.

దొరికినదాన్ని మార్చుడు రీప్లేస్-మ్యాచ్. దేనితోని మార్చాలె? పది అంకెలకు పది వరుసలు రాసే అవసరం లేదు. యూనికోడ్‌ల (ప్రతి అక్షరానికి ఒక నంబరు ఇచ్చే పద్ధతిల) ౦ నుంచి ౯ వరకు వరుసగ పక్కపక్కనే ఉంటయ్, ఈమాక్స్‌కు అక్షరం అంటే ఒక నంబరే. కాబట్టి ౫ నంబరుల నుంచి ౦ నంబరు తీసేస్తె సరిగ్గ 5 మిగులుతది. వెతుకుడు అయినంక కర్సర్ దొరికిన అంకె దాటి నిలబడతది, అందుకే దాని వెనుకటి అక్షరం, క్యార్-బిఫోర్, అదే మన అంకె. బ్రాకెట్‌ల మైనస్ గుర్తు, క్యార్-బిఫోర్ తన సొంత బ్రాకెట్‌ల, తర్వాత ?౦ అని ప్రశ్నార్థకంతోని సున్నా. లిస్ప్‌ల అక్షరం ముందు ప్రశ్నార్థకం పెడితె 'ఈ అక్షరం నంబరు' అని లెక్క. వచ్చినదాన్ని నంబర్-టు-స్ట్రింగ్‌ల చుట్టు, దాన్ని రీప్లేస్-మ్యాచ్‌కు ఇయ్యి. తెరిచిన బ్రాకెట్లన్నీ మూసెయ్యి. ఆఖరి బ్రాకెట్ పక్కన కర్సర్ పెట్టి కంట్రోల్ ఎక్స్, కంట్రోల్ ఇ కొట్టు. గంతే, కమాండు పుట్టింది. ఏదన్న ఫైలు కాపీ తెరిచి ఆల్ట్ ఎక్స్ కొట్టి దాని పేరు రాయి. నచ్చకపోతే కంట్రోల్‌తోని స్లాష్ కొడితె అన్‌డూ.

లెక్కల్ల అత్తెసరు అన్నవ్ గదా, ఇంత పనిల లెక్క అంటే ఒక్క తీసివేతే.

ఇప్పుడు నీకు ఒక అనుమానం రావాలె, ప్రూఫు చూసేదానివి కాబట్టి వచ్చే ఉంటది. పద్యాల పుస్తకంల పద్యం నంబర్లు తెలుగు అంకెలల్లనే ఉండాలె అని రచయిత అంటే? వచనంల మార్చాలె, పద్యాల దగ్గర ముట్టుకోవద్దు. అప్పుడు కమాండును ఎంచుకున్న భాగం మీదనే నడిచేటట్టు చెయ్యాలె. ఇంటరాక్టివ్ పక్కన కోట్ల మధ్యల ఇంగ్లీషు చిన్న 'ఆర్' పెట్టు, పైన ఖాళీగ పెట్టిన బ్రాకెట్ల స్టార్ట్, ఎండ్ అని రెండు పేర్లు రాయి. నువ్వు సెలెక్ట్ చేసిన ముక్క మొదలు, చివర ఆ రెండిట్లకు వస్తయ్. పాయింట్-మిన్ జాగల స్టార్ట్ పెట్టు, నిల్ జాగల ఎండ్ పెట్టు. అయిపోయింది.

అంకెలకు ఇది సరిపోతది, ఎందుకంటే ఒక అక్షరం పోయి ఒక అక్షరమే వస్తాంది, పొడుగు మారదు. నీ రెండో పనికి, అంటే కామా ముందు స్పేసులు తీసుడుకు, ఇదే పద్ధతి పెడితె దెబ్బ తింటవ్. స్పేసులు పోయినకొద్ది పాఠం చిన్నగ అయితది గని ఎండ్ అనేది పాత నంబరు దగ్గరనే ఉంటది, దాంతోని నువ్వు సెలెక్ట్ చెయ్యని కింది భాగంల కూడ వేలు పెడతది. దానికి మందు, సేవ్-రిస్ట్రిక్షన్ అని రాసి దాని లోపల న్యారో-టు-రీజియన్ స్టార్ట్ ఎండ్ అని పెట్టుడు. అప్పుడు ఈమాక్స్‌కు ఆ ముక్క తప్ప వేరే ప్రపంచం కనపడదు, పొడుగు ఎంత మారినా దాటి పోదు, పని అయినంక మళ్ల మొత్తం ఫైలు కనపడతది. అప్పుడు లోపల పాయింట్-మిన్, నిల్ అని మొదటి లెక్కనే రాసుకోవచ్చు.

ఆ స్పేసుల నమూనా రాసేటప్పుడు బ్యాక్‌స్లాష్ దగ్గర అందరూ తట్టుకోని పడతరు, అందుకే జర ఆగి చెప్త. ఒకటో ఎక్కువో స్పేసులు, తర్వాత కామా గాని చుక్క గాని ప్రశ్నార్థకం గాని, అని వెతకాలె, ఆ గుర్తును మాత్రం ఉంచుకోవాలె. ఉంచుకునేదాన్ని బ్యాక్‌స్లాష్ పెట్టిన బ్రాకెట్ల మధ్యల పెడతం. కింద మినీబఫర్‌ల (తెర అడుగున ఉండే వరుసల) అడిగినప్పుడు నమూనా కొడితె ఇట్ల: స్పేసు, ప్లస్, తర్వాత \([,.?!]\) అని. దీన్నే లిస్ప్ ఫైల్‌ల కోట్ల మధ్యల రాస్తె ప్రతి బ్యాక్‌స్లాష్ రెండు సార్లు రాయాలె, \\([,.?!]\\) అని. ఎందుకంటే లిస్ప్ కోట్ల మధ్యల ఉన్నది చదివేటప్పుడు ఒక బ్యాక్‌స్లాష్‌ను తనే మింగుతది, రెండోదే వెతికేదానికి చేరుతది. మార్చే జాగల \1 అని, లిస్ప్‌ల అయితే \\1 అని, అంటే 'ఆ బ్రాకెట్ల చిక్కింది అట్లనే పెట్టు' అని. నమూనా సరిగ్గ పట్టుకుంటాందా లేదా చూడాలంటే ఆల్ట్ ఎక్స్ రీ-బిల్డర్ నడిపించు, నువ్వు కొడుతుంటెనే ఫైల్‌ల దొరికినవి రంగుల కనపడతయ్.

నిజానికి ఈ స్పేసుల పనికి కమాండు రాయకు అంట నేను. క్వెరీ-రీప్లేస్-రెగెక్స్‌ప్ అని ఉన్నది, దాన్ని ఆల్ట్ ఎక్స్‌తోని పిలువు, ఒక్కొక్కటి చూపించి అడుగుతది, వై అంటే మార్చుతది, ఎన్ అంటే వదిలేస్తది, ఆశ్చర్యార్థకం కొడితె మిగిలినవన్నీ అడగకుండ మార్చుతది, క్యూ అంటే ఆపుతది. ప్రూఫుల యంత్రం తేల్చే పనులు వేరే, కన్ను తేల్చే పనులు వేరే. రచయిత కావాలని మూడు చుక్కల ముందు స్పేసు ఇచ్చి ఉండొచ్చు, ఎవరు చూసిండ్రు.

సేవ్ చేసినప్పుడల్లా తనంతట తాను జరగాల్సినవి ఉంటయ్ గదా, వరుస చివరల మిగిలిన ఖాళీ స్పేసులు తీసుడు అసోంటివి, వాటికి హుక్ అంటరు. యాడ్-హుక్ అని రాసి, బిఫోర్-సేవ్-హుక్, తర్వాత డిలీట్-ట్రెయిలింగ్-వైట్‌స్పేస్, రెండు పేర్ల ముందు ఒక్కొక్క ఒంటి కోటు గుర్తు. ఎవరికీ పేచీ లేని పనులే హుక్‌ల పెట్టు. అంకెలు మార్చేది మాత్రం పెట్టకు, ఏదో ఒకనాడు పద్యాల ఫైలు సేవ్ చేస్తవ్, నంబర్లన్నీ మారిపోతయ్, నీకు తెలువనే తెలువదు.

తెలుగు పనికి రెండు మూడు సంగతులు, నీ తమ్మునికి ఇవి తట్టి ఉండవు. కీబోర్డు ఈమాక్స్ లోపలిదే వాడు: డిఫాల్ట్-ఇన్‌పుట్-మెథడ్ అనేదానికి తెలుగు-ఐట్రాన్స్ (ఇంగ్లీషు అక్షరాలు కొడితె తెలుగు పడే పద్ధతి) అని, విలువ ఇచ్చే సెట్‌క్యూతోని ఇస్తె, కంట్రోల్ బ్యాక్‌స్లాష్ కొట్టినప్పుడల్లా తెలుగు, ఇంగ్లీషు మారుతది. ఇన్‌స్క్రిప్ట్ అలవాటైతే అది కూడ ఉన్నది. విండోస్ కీబోర్డును తెలుగుకు మార్చి పెడితె చాలాసార్లు ఈమాక్స్ షార్ట్‌కట్లు సతాయిస్తయ్. నువ్వు అను ఫాంట్ల యాపిల్ కీబోర్డు మీద చెయ్యి తిరిగినదానివైతే కొన్ని రోజులు చేతులు మొరాయిస్తయ్, దానికి నా దగ్గర మందు లేదు. ఇంకోటి, పాత అను ఫాంట్ ఫైళ్లు తెచ్చి ఈమాక్స్‌ల తెరిస్తె పిచ్చి గుర్తులే కనపడతయ్, అవి యూనికోడ్ కాదు, ముందుగల కన్వర్టర్‌తోని యూనికోడ్ చేసుకోవాలె. పేజీ డిజైను పని కూడ దీంతోని కాదు, అది డీటీపీ సాఫ్ట్‌వేర్ల పనే.

ఒత్తులు విరిగి కనపడితె నీ ఈమాక్స్ పాతది కావొచ్చు, 2020ల వచ్చిన 27వ వర్షన్ నుంచి అక్షరాలు కూర్చే పనికి హార్ఫ్‌బజ్ అనే సాఫ్ట్‌వేర్ వాడుతాంది. ఇగ 'సాఫ్ట్‌వేర్' అసోంటి మాటల మధ్యల కంటికి కనపడని అక్షరం ఒకటి ఉంటది, పొల్లు కింద ఒత్తు కలువకుండ ఆపేది. ఏదన్న మాట వెతికితె దొరుకుతలేదు, కండ్ల ముందే ఉన్నది, అంటే అనుమానం దీని మీదనే. ఆ జాగల కర్సర్ పెట్టి కంట్రోల్ యు, కంట్రోల్ ఎక్స్, ఈక్వల్ గుర్తు కొట్టు, ఆడ ఉన్న అక్షరం జాతకం మొత్తం చెప్తది. అట్లని ఫైలంతా అవి తీసేయకు, తీసేస్తె మాటలు ముద్ద అయితయ్. ఇంకో చిన్నది, 'వరంగల్' పొడుగు ఎంత అని లిస్ప్‌ను అడిగితె 6 అంటది, మనకు కనపడేది నాలుగే. సున్నాను, పొల్లును అది వేరు వేరు అక్షరాలుగ లెక్కపెడతది. అక్షరాలకు ఇంత అని పైసలు తీసుకునేటోళ్లు ఇది గుర్తు పెట్టుకోవాలె.

ఎర్రర్లకు భయపడుడు మానెయ్యి. మొత్తం చదవకు, మొదటి వరుస ఒక్కటి చదువు. వాయిడ్-వేరియబుల్ అంటే చాలామట్టుకు పేరు ముందు ఒంటి కోటు మర్చిపోయినవ్. వాయిడ్-ఫంక్షన్ అంటే స్పెల్లింగు తప్పు, లేదా ఆ ప్యాకేజీ లోడ్ కాలేదు. ఎండ్ ఆఫ్ ఫైల్ డ్యూరింగ్ పార్సింగ్ అంటే ఎక్కడనో బ్రాకెట్ మూయలేదు. బ్రాకెట్లు లెక్కపెట్టుకుంట కూసోకు, కోడు మొత్తం సెలెక్ట్ చేసి కంట్రోల్ ఆల్ట్ బ్యాక్‌స్లాష్ కొడితె వరుసలు సర్దుకుంటయ్, ఏ వరుస ఉండాల్సిన జాగ కన్న లోపలికో బయటికో జరిగిందో ఆడనే తప్పున్నది. అట్లనే ఆల్ట్ ఎక్స్ చెక్-పారెన్స్ అని కూడ ఉన్నది.

చదువుకోనీకి నెట్టుల తిరిగే పని లేదు. కంట్రోల్ హెచ్, టి కొడితె ట్యుటోరియల్ వస్తది, అది చెయ్యకుండ ముందుకు పోకు. కంట్రోల్ హెచ్, ఐ కొడితె మాన్యువల్లు, దాంట్ల ఈమాక్స్ లిస్ప్ పరిచయం అని ఒకటి ప్రోగ్రామర్లు కానోళ్ల కోసమనే రాసి పెట్టిండ్రు, ఇంగ్లీషే గని తేలికైన ఇంగ్లీషు. కంట్రోల్ హెచ్, ఎఫ్ కొట్టి ఏ ఫంక్షన్ పేరిచ్చినా అది ఏం చేస్తదో చెప్పుడే కాక అది రాసి ఉన్న ఫైలుకు లింకు కూడ ఇస్తది, నొక్కితె కోడే తెరుచుకుంటది. సోర్సు ఫైళ్లు లేకుండ ఎక్కించి ఉంటె తెరుచుకోదు, అప్పుడు అవి కూడ ఎక్కించుకో.

వీఎస్ కోడ్ ముచ్చట తొందరగ చెప్త. 2015ల మైక్రోసాఫ్ట్ తెచ్చింది, మంచిదే, నీ తమ్ముని అసోంటోళ్ల ఉద్యోగానికి అదే సుఖం. గని దాంట్ల సొంత కమాండు కావాలంటే జావాస్క్రిప్టో టైప్‌స్క్రిప్టో రాయాలె, దానికో ఫోల్డరు, దాని వివరాల ఫైలు, అట్ల ఒక చిన్న ప్రాజెక్టు తయారు చెయ్యాలె. ఏడెనిమిది వరుసల అంకెల కమాండుకు అంత తతంగం ఎందుకు. విమ్, నియోవిమ్ అనే ఎడిటర్లు కూడ మంచివే, అయితే తెలుగుల టైపు చేసుకుంట మాటిమాటికి మోడు (టైపు చేసుడుకు ఒకటి, కమాండ్లకు ఒకటి) మార్చుడు నాకైతే నచ్చదు, ఇది నా ఇష్టం మాత్రమే.

ఇగ ఆ అక్కకు ఇచ్చుడు. నీ కమాండ్లన్నీ ఇనిట్ ఫైల్‌ల కుక్కకు, ప్రూఫు అని వేరే ఫైలు ఒకటి చేసి దాంట్ల పెట్టు, నీ ఇనిట్ ఫైల్‌ల ఆ ఫైలును లోడ్ చెయ్యమని ఒక్క వరుస ఉంటె చాలు. ఆమెకు ఆ ఒక్క ఫైలు పెన్‌డ్రైవ్‌ల ఇయ్యి, ఆమె ఇనిట్ ఫైల్‌ల కూడ అదే వరుస రాయి. ప్యాకేజీ గికేజీ ఏం అక్కరలేదు. ప్రతి కమాండుల డీఫన్ వరుస కింద, ఇంటరాక్టివ్ కన్న ముందు, కోట్ల మధ్యల అది ఏం చేస్తదో తెలుగుల ఒక వాక్యం రాసి పెట్టు, 'ఎంచుకున్న భాగంల తెలుగు అంకెలను మామూలు అంకెలు చేస్తది, పద్యాల మీద వాడకు' అని. ఆ అక్క కంట్రోల్ హెచ్, ఎఫ్ కొట్టి పేరిస్తె నీ వాక్యమే వస్తది, నీకు ఫోన్ చేసే పని పడదు. షార్ట్‌కట్ ఇయ్యాలనుకుంటె కంట్రోల్ సి తర్వాత ఒక అక్షరం పెట్టు, ఆ జాగ వాడేటోళ్ల కోసమనే వదిలిపెట్టిండ్రు, మర్యాద తెలిసిన ప్యాకేజీలు దాన్ని ముట్టుకోవు. ఎఫ్5 నుంచి ఎఫ్9 దాక కూడ అంతే. షార్ట్‌కట్ రాసుడుకు కొత్త వర్షన్లల్ల కీమ్యాప్-గ్లోబల్-సెట్ వచ్చింది, అది 29 నుంచే ఉన్నది. ఆ అక్క కంప్యూటర్‌ల ఆల్ట్ ఎక్స్ ఈమాక్స్-వర్షన్ కొట్టి చూడు, పాతది ఉంటె గ్లోబల్-సెట్-కీ అనే రాయి, అది రెండిట్ల నడుస్తది.